కవర్ మీద ఉన్న ఆటగాడు జట్టులో ఎందుకు లేడు?

ప్రశ్న: మాది విజయవాడ. ఆస్టిన్‌లో ఎమ్మెస్ చేసి ఇక్కడే ఉద్యోగంలో చేరాను. చదువుకునే రోజుల్లోనే టెక్సాస్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) అంటే పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు పాత కాలేజీ ఫుట్‌బాల్ వీడియో గేములు పోగుచేస్తున్నాను. కవర్ మీద రికీ విలియమ్స్ ఫొటో చూసి ‘ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 2000’ కొన్నాను. తీరా ఆడితే టెక్సాస్ జట్టులో ఆయన లేడు. నకిలీ డిస్క్ అంటగట్టారా? ఒకాయన ‘ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14’ ప్లేస్టేషన్ 3 డిస్క్‌ను 140 డాలర్లకు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? సిరీస్ మొత్తం కొనాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? రెండేళ్లలో ఇంటికి వచ్చేద్దామనుకుంటున్నాను. ఇవన్నీ విజయవాడలో పనిచేస్తాయా?

జవాబు: మీ డిస్క్ నకిలీది కాదు. ఈ సిరీస్ పద్ధతే అది. ఇది ఒక్కసారి అర్థమైతే మీ మిగతా ప్రశ్నలకూ దారి దొరుకుతుంది.

కాలేజీ ఆటగాళ్లు అమెచ్యూర్లు, ఆట పేరుతో వాళ్లు డబ్బు తీసుకోకూడదని అమెరికా కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ చాలా ఏళ్లు నిబంధన పెట్టింది. అందుకే అప్పటికి ఆడుతున్న కుర్రాణ్ని గేమ్ కవర్ మీద వేసుకోవడానికి ఈ గేములు చేసే ఈఏ స్పోర్ట్స్‌కు వీల్లేకపోయింది. కాలేజీ ముగించి వెళ్లిపోయినవాణ్ని మాత్రమే వేసుకునేది. రికీ విలియమ్స్ 1998 సీజన్‌లో హైస్‌మన్ ట్రోఫీ (ఆ ఏటి ఉత్తమ కాలేజీ ఆటగాడి బహుమతి) గెలిచాడు. 1999 డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌కు వెళ్లిపోయాడు. మీరు కొన్న ‘2000’లో ఉన్నది 1999 సీజన్ జట్టు. అంటే ఆయన కవర్ మీదకు ఎక్కేసరికి జట్టులోంచి దిగిపోయాడు. ఆయన ఆడిన 1998 టెక్సాస్ మీకు కావాలంటే కొనాల్సింది ‘ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 99’. దాని కవర్ మీద మిషిగన్ ఆటగాడు చార్లెస్ వుడ్‌సన్ ఉంటాడు. ఆ డబ్బాలో మీ హీరో ఉంటాడని కవర్ చూసి ఎవరూ అనుకోరు.

కాబట్టి రెండు సూత్రాలు గుర్తుపెట్టుకోండి. డబ్బా మీద ఉన్న అంకెలోంచి ఒకటి తీసేస్తే లోపలున్న సీజన్ వస్తుంది. గేమ్ ఏటా జూలై చుట్టుపక్కల వస్తుంది, ఆ ఆగస్టు, సెప్టెంబర్లలో మొదలయ్యే సీజన్ జట్లే అందులో ఉంటాయి. ఇక కవర్ మీద ఉన్నవాడు జట్టులో ఉండడు. 2013లో వచ్చిన ‘14’ వరకూ ఇదే వరస. 2024 జూలై 19న వచ్చిన ‘ఈఏ స్పోర్ట్స్ కాలేజ్ ఫుట్‌బాల్ 25’తోనే ఇది మారింది. 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద సంపాదించుకోవచ్చని నిబంధన సడలించారు. అందుకే ‘25’ కవర్ మీద ఉన్న మీ టెక్సాస్ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) క్విన్ యూయర్స్ లోపల జట్టులోనూ ఉంటాడు, అదీ తన పేరుతోనే.

ఈ లెక్క తప్పి ఎక్కువమంది టెక్సాస్ అభిమానులు మోసపోయే చోటు ఒకటి ఉంది. 2006 జనవరి 4న రోజ్ బౌల్‌లో టెక్సాస్ 41-38తో యూఎస్‌సీని (సదర్న్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఓడించింది. ఇంకో 19 సెకన్లే ఉండగా, నాలుగో డౌన్‌లో (ఆఖరి ప్రయత్నంలో), ఐదు గజాలు కావాల్సిన చోట టెక్సాస్ క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ బంతి పట్టుకుని కుడివైపు మూలకు పరిగెత్తి టచ్‌డౌన్ చేసిన మ్యాచ్ అది. మ్యాచ్ 2006లో జరిగింది గదా అని ‘06’ వదిలేసి, ఆ వేసవిలో వచ్చిన ‘07’ కొనేస్తారు. దాని కవర్ మీద ఆ మ్యాచ్‌లో ఓడిన యూఎస్‌సీ ఆటగాడు రెజీ బుష్ ఉంటాడు. ఇంటికెళ్లి ఆడితే విన్స్ యంగ్ కనపడడు. జనవరిలో జరిగినా అది 2005 సీజన్ చివరి మ్యాచ్. కాబట్టి ఆ జట్టు 2005 జూలైలో వచ్చిన ‘06’లోనే ఉంటుంది. ఆ డబ్బా మీద ఉన్నది 1991 నాటి మిషిగన్ వీరుడు డెస్మండ్ హవర్డ్.

సిరీస్ మొత్తం కొనే ఆలోచన మాత్రం మానుకోండి. 1993లో కోచ్ బిల్ వాల్ష్ పేరుతో వచ్చిన గేముతో మొదలుపెడితే ‘14’ దాకా 21 టైటిళ్లు. సెగా జెనెసిస్, సూపర్ నింటెండో, ప్లేస్టేషన్, గేమ్‌క్యూబ్, ఎక్స్‌బాక్స్, పీఎస్‌పీ, నింటెండో వీ... ఇలా ప్లాట్‌ఫామ్‌లు విడివిడిగా లెక్కేస్తే యాభై చుట్టూ తేలతాయి. ఒక్క ‘09’కే కవర్లు ఐదు రకాలు. ఎక్స్‌బాక్స్ 360 మీద డారెన్ మెక్‌ఫాడెన్, ప్లేస్టేషన్ 3 మీద మ్యాట్ రయన్, ప్లేస్టేషన్ 2 మీద డిషాన్ జాక్సన్, పీఎస్‌పీ మీద ఓవెన్ ష్మిట్, వీ మీదేమో మిషిగన్ స్టేట్ మస్కట్ స్పార్టీ. ఇవన్నీ పోగేస్తే అర నిండుతుంది, కానీ సగానికి సగం డిస్క్‌లు మీరు ఒక్కసారి కూడా పెట్టి ఆడరు. మీ జట్టు సీజన్ల ప్రకారం కొనండి. టెక్సాస్ అభిమానికి ఐదు చాలు. రికీ విలియమ్స్ కోసం ‘99’, విన్స్ యంగ్ కోసం ‘06’, కోల్ట్ మెకాయ్ అలబామాతో టైటిల్ మ్యాచ్ దాకా తీసుకెళ్లిన 2009 జట్టు కోసం ‘10’, పాత తరంలో ఆఖరిదీ ఆడటానికి అన్నిటికన్నా మేలైనదీ అయిన ‘14’, పేర్లతో వచ్చిన ‘25’. మీ దగ్గరున్న ‘2000’ను కవర్ కోసం ఉంచుకోండి. రికీ ఫొటో ఉన్న డబ్బా ఎటూ అరలో ఉండాల్సిందే.

ఈ ఎంపికలో కలిసొచ్చే ఇంకో విషయం ఏమిటంటే, ‘25’ను పక్కన పెడితే వీటికి కన్సోళ్లు ఎక్కువ అక్కర్లేదు. ప్లేస్టేషన్ 3 ఏ మోడలైనా పాత ప్లేస్టేషన్ 1 డిస్క్‌లను నడుపుతుంది. అంటే అమెరికాలో కొన్న ఒక్క ప్లేస్టేషన్ 3 మీద ‘99’, ‘10’, ‘14’ మూడూ ఆడొచ్చు. ‘99’ పెట్టేముందు మెనూలో మెమరీ కార్డ్ యుటిలిటీలోకి వెళ్లి, లోపలే ఒక ప్లేస్టేషన్ మెమరీ కార్డ్ తయారుచేసి, స్లాట్ 1కు కేటాయించండి. ఇది చేయకపోతే సీజన్ అంతా ఆడాక సేవ్ చేయడానికి చోటుండదు. ‘06’ ప్లేస్టేషన్ 2, పాత ఎక్స్‌బాక్స్ మీదే వచ్చింది. దానికోసం ఒక సన్న (స్లిమ్) ప్లేస్టేషన్ 2 కొనండి. ప్లేస్టేషన్ 2 డిస్క్‌లనూ నడిపే మొదటి తరం లావు ప్లేస్టేషన్ 3లు ఉన్నాయి గానీ వాటి జోలికి పోవద్దు. ఎక్కువ వేడెక్కి తరచూ పాడవుతాయి, పైగా ధర ఎక్కువ. పాత ఎక్స్‌బాక్స్ కూడా ఆలోచించి కొనాల్సిందే. 1.6 వెర్షన్ కన్నా ముందు వచ్చిన బోర్డుల్లో గడియారం కోసం పెట్టిన కెపాసిటర్ కాలం గడిచేకొద్దీ కారిపోయి బోర్డు మీది రాగి దారుల్ని తినేస్తుంది. తెరిచి తీసేయించకుండా దాన్ని అరలో పెట్టుకుంటే వాడకపోయినా పాడవుతుంది.

ఇక ఆ 140 డాలర్ల బేరం. సాధారణంగా స్పోర్ట్స్ గేములకు ఏడాది తిరిగేసరికి విలువ ఉండదు. కొత్తది రాగానే పాతది చౌకబారిపోతుంది. ‘14’కు అలా జరగలేదు, ఎందుకంటే దాని తర్వాత కొత్తది రాలేదు. ఆటగాళ్ల రూపాన్ని డబ్బివ్వకుండా వాడుకున్నారని మాజీ కాలేజీ ఆటగాళ్లు ఎడ్ ఒబానన్, శామ్ కెల్లర్‌లు వేసిన కేసులు నడుస్తుండగా, 2013 సెప్టెంబర్‌లో ఈఏ ఈ సిరీస్ ఆపేసింది. పదకొండేళ్లు కాలేజీ ఫుట్‌బాల్ ఆడాలంటే అదే దిక్కు. అందుకే వాడిన డిస్క్ ధర కొత్త గేమ్ ధరను దాటి వంద డాలర్ల పైకి పోయింది. ‘25’ వచ్చాక ఆ ఒత్తిడి తగ్గింది, ధరా దిగింది. మీకు చెప్పిన ధర ఆ పాత రోజుల నాటిదేమో చూసుకోండి. ఈబేలో వెతికేటప్పుడు అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు చూడొద్దు, అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టి గత నెలరోజుల్లో నిజంగా చేతులు మారిన ధరలు పది చూడండి. డిస్క్ ఒక్కటే ఉన్నవి ఒక లెక్క, డబ్బా, లోపలి కాగితాలతో సహా ఉన్నవి ఇంకో లెక్క. రెంటినీ కలిపి సగటు కడితే మోసపోతారు. ఆ పదింటి మధ్య ధర ఎంతో అదే మీ బేరం.

ఎంత తగ్గినా, ముందు ‘06’, ‘10’ కొని తర్వాతే దీని దగ్గరకు వెళ్లండి. అవి చాలా తక్కువలో దొరుకుతాయి. హాఫ్ ప్రైస్ బుక్స్ లాంటి పాత పుస్తకాల కొట్లలో, గుడ్‌విల్ లాంటి పాత సామాన్ల కొట్లలో, గ్యారేజ్ సేల్స్‌లో స్పోర్ట్స్ గేముల అర ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఆస్టిన్‌లో అయితే కవర్ మీద టెక్సాస్ ఆటగాడున్న డబ్బాలే ముందు ఖాళీ అవుతాయి. ‘10’ ప్లేస్టేషన్ 3 డబ్బా మీద ఉన్నది టెక్సాస్ ఆటగాడు బ్రయన్ ఒరాక్పోనే కాబట్టి అది కనపడగానే తీసుకోండి. ‘99’, ‘06’ల మీద ఉన్నది మిషిగన్ వాళ్లు గదా, అవి అక్కడే మిగిలిపోయి ఉంటాయి.

డిస్క్ చేతిలోకి తీసుకోగానే కిందివైపు గీతలు చూసి బేరం మొదలుపెడతారు చాలామంది. ఏ రకం డిస్క్ అనేది ముందు చూడాలి, ఎందుకంటే ఒక్కో రకానికి ప్రమాదం ఒక్కో వైపు ఉంటుంది. ప్లేస్టేషన్ 1 డిస్క్ సీడీ. సీడీలో సమాచారం ఉండే పొర పైవైపు, లేబుల్‌కు సరిగ్గా కింద ఉంటుంది. కింద గీతలున్నా పాలిష్ చేయించొచ్చు. లేబుల్ వైపు గీత పడితే మాత్రం ఆ చోట సమాచారమే లేచిపోతుంది, దానికి మందు లేదు. డిస్క్‌ను ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి లేబుల్ వైపు నుంచి చూడండి, సూదిమొన అంత వెలుగు చుక్కలు కనపడితే వదిలేయండి. ప్లేస్టేషన్ 2లో ‘06’ డీవీడీ. దాని పొర రెండు పలకల మధ్య 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. పైపై గీతలు రిపేర్ కొట్లో యంత్రం మీద రుద్దిస్తే పోతాయి. ప్లేస్టేషన్ 3 డిస్క్ బ్లూరే. దాని పొర కిందివైపు నుంచి 0.1 మిల్లీమీటర్ లోతునే ఉంటుంది, దాన్ని కాపాడటానికి పైన గట్టి పూత వేస్తారు. ఆ పూత వల్ల గీతలు తేలిగ్గా పడవు. పడ్డాయంటే మాత్రం మామూలు పాలిష్ యంత్రానికి ఇవ్వొద్దు. పూత లేచిపోయి డిస్క్ పూర్తిగా చస్తుంది. కాబట్టి ‘14’ డిస్క్ మీద గోటికి తగిలేంత గీత ఉంటే, ఎంత తగ్గించినా తీసుకోకండి. ఎక్స్‌బాక్స్ 360 డిస్క్‌ల మీద కనిపించే గుండ్రటి వలయం లాంటి గీత ఇంకోటి. డిస్క్ తిరుగుతుండగా కన్సోల్‌ను కదిపితే పడుతుంది. అది సాధారణంగా పాలిష్‌కు లొంగనంత లోతుగా ఉంటుంది.

గీతల్లేకపోయినా ఆడించి చూడకుండా డబ్బివ్వొద్దు. మెనూ రావడం చాలదు. టెక్సాస్ స్టేడియం పెట్టి ఒక క్వార్టర్ ఆడండి, ఆపై డైనస్టీ మోడ్ (ఒక జట్టును సీజన్ల తరబడి నడిపే ఆట) తెరిచి రెండు వారాలు ముందుకు జరపండి. డిస్క్‌లో ఒక భాగం చదవకపోతే ఇలాంటి చోటే ఆగిపోతుంది. కవర్ కాగితం మీద ఒక కన్నేసి ఉంచండి. ప్లేస్టేషన్ 3 డిస్క్‌ను నకిలీ చేసి మామూలు కన్సోల్‌లో ఆడించడం కుదరదు గానీ, డబ్బా కాగితాన్ని ఇంట్లో ప్రింట్ తీసి పెట్టేవాళ్లు ఉన్నారు. భూతద్దంతో చూస్తే అసలు ముద్రణలో రంగు చుక్కలు వరసగా, పూల రేకుల్లా అమరి ఉంటాయి. ఇంటి ప్రింటర్‌దైతే చల్లినట్టు చెదిరి ఉంటాయి. సీల్ తీయని డబ్బాలకు ఎక్కువ పెట్టకండి. ప్లాస్టిక్ చుట్టే యంత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు, పైగా మీరు కొనేది ఆడటానికి.

వాడిన ప్లేస్టేషన్ 3 కొనేటప్పుడు కనీసం 45 నిమిషాలు నడవనివ్వండి. ఫ్యాన్ హోరు పది నిమిషాలకే మొదలైతే లోపలి థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని బయటికి లాగే పూత) ఎండిపోయి ఉండొచ్చు. అది మార్చుకోవచ్చు. డిస్క్ డ్రైవ్ పాడైతే మాత్రం బాగుచేయడం అంత తేలిక కాదు. డ్రైవ్‌కు ఉన్న చిన్న బోర్డు కన్సోల్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. ఇంకో కన్సోల్‌లోంచి డ్రైవ్ తెచ్చి పెడితే పనిచేయదు, పాత బోర్డును కొత్త డ్రైవ్‌లోకి మార్చాలి. అందుకే ఒక ప్లేస్టేషన్ 3 డిస్క్, ఒక ప్లేస్టేషన్ 1 డిస్క్ వెంట తీసుకెళ్లి రెండూ చదువుతోందో లేదో చూసుకోండి. ప్లేస్టేషన్ 2కు సోనీ వారి 8 ఎంబీ మెమరీ కార్డే తీసుకోండి. పేరులేని పెద్ద సైజు కార్డులు సీజన్ మధ్యలో మొత్తం తుడిచిపెట్టేయొచ్చు. ఇప్పటి టీవీకి కలపాలంటే కాంపొనెంట్ కేబుల్ కొని, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో కాంపొనెంట్ వీడియో ఔట్‌ను ఆర్‌జీబీ నుంచి రెండో ఎంపికకు మార్చండి. మార్చకపోతే రంగులు దారి తప్పి, కేబుల్ పాడైందనిపిస్తుంది.

పేర్ల సంగతి చెప్పాలి. ‘14’ వరకూ ఆటగాళ్లకు పేర్లుండవు. విన్స్ యంగ్ ‘06’లో ‘క్వార్టర్‌బ్యాక్ నంబర్ 10’ మాత్రమే. ఎత్తు, చర్మపు రంగు, పరుగు వేగం అన్నీ ఆయనవే, పేరు తప్ప. కోర్టులో గొడవ కూడా సరిగ్గా ఇక్కడే మొదలైంది. పేర్లు మీరే ఎక్కించుకోవచ్చు. రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) ఎడిట్‌లోకి వెళ్లి 10కి యంగ్ అనీ, సేఫ్టీ (వెనక కాపుకాసే ఆటగాడు) 7కి హఫ్ అనీ కొట్టండి. వ్యాఖ్యాత గొంతులో ముందే రికార్డయిన ఇంటిపేరైతే, తర్వాతి మ్యాచ్‌లో నంబర్‌కు బదులు ఆ పేరే పలుకుతుంది. ఆ ఒక్క మాట వినడం కోసం ఒక సాయంత్రం కూర్చుని జట్టంతా కొట్టినా తప్పులేదు. ‘14’కు ఆ కష్టం అక్కర్లేదు, అభిమానులు పేర్లతో తయారుచేసి పంచుకునే రోస్టర్ ఫైళ్లు దొరుకుతాయి. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ‘పీఎస్3’ అనే ఫోల్డర్‌లో ‘సేవ్‌డేటా’ అనే ఫోల్డర్ పెట్టి, ఫైలు అందులో వేయండి. ఫోల్డర్ పేర్లు రెండూ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉండాలి. కన్సోల్‌లో సేవ్డ్ డేటా యుటిలిటీలోంచి కాపీ చేసుకుని, గేములో రోస్టర్ లోడ్ చేయండి. డైనస్టీ మొదలుపెట్టేది ఆ తర్వాతే. ముందు డైనస్టీ మొదలుపెట్టి తర్వాత రోస్టర్ వేస్తే ఆ డైనస్టీలోకి పేర్లు రావు, మళ్లీ మొదటినుంచి ఆడాల్సిందే.

చివరగా విజయవాడ సంగతి. కన్సోళ్లు అమెరికావే వెంట తెచ్చుకోండి. ప్లేస్టేషన్ 1, 2 డిస్క్‌లకు ప్రాంతపు తాళం ఉంటుంది, అంటే ఏ ప్రాంతపు డిస్క్ ఆ ప్రాంతపు కన్సోల్‌లోనే నడుస్తుంది. ఇండియాలో అమ్మిన ప్లేస్టేషన్ 2 పాల్ (యూరప్ తరహా టీవీ పద్ధతి) ప్రాంతానిది, మీ ‘06’ దానిమీద నడవదు. ప్లేస్టేషన్ 3 గేములకు ఆ ఇబ్బంది లేదు, ‘10’, ‘14’ ఇండియా కన్సోల్ మీదా నడుస్తాయి. కానీ ‘99’ ప్లేస్టేషన్ 1ది గనక దానికి అమెరికా ప్లేస్టేషన్ 3 కావాల్సిందే. ఎక్స్‌బాక్స్ 360లో తాళం గేమును బట్టి ఉంటుంది కాబట్టి, ‘14’ రెండు రకాలుగా దొరికినా మీరు ప్లేస్టేషన్ 3ది తీసుకోవడమే మంచిది.

కరెంటు దగ్గర తొందరపడొద్దు. ప్రతి కన్సోల్ మీదో, దాని అడాప్టర్ మీదో ఎన్ని వోల్టులు కావాలో రాసి ఉంటుంది. 100-240 వోల్టులని ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే నేరుగా మన 230 సాకెట్‌లో పెట్టకండి, పెట్టిన క్షణంలోనే కాలిపోవచ్చు. లోపలి సప్లై తట్టుకుంటుందని ఎవరు చెప్పినా లేబుల్ మాటే వినండి. దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. సన్న ప్లేస్టేషన్ 3 లేబుల్ మీద 250 వాట్లు దాకా ఉంటుంది, రెట్టింపు లెక్కన 500 వాట్లది తీసుకుంటే వేడెక్కకుండా నడుస్తుంది. ఇది రాగి చుట్టలుండే బరువైన వస్తువు. ఆస్టిన్‌లో కొని మోసుకురావద్దు, విజయవాడ ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. ప్రయాణాలకని అమ్మే తేలికపాటి కన్వర్టర్లు హెయిర్ డ్రయర్లలాంటి వాటికోసం చేసినవి, కన్సోల్‌కు పనికిరావు.

సర్దేటప్పుడు కన్సోల్‌లో డిస్క్ ఉంచొద్దు. డిస్క్‌లు వాటి డబ్బాల్లోనే, నిలువుగా, చేతి బ్యాగులో పెట్టుకోండి. అప్పటిదాకా ఆస్టిన్‌లో గ్యారేజ్‌లో ఉంచకండి, వేసవి వేడికి డబ్బాలు వంగిపోతాయి, కవర్ కాగితం రంగు వెలుస్తుంది. విజయవాడకు వచ్చాక సమస్య వేడికన్నా చెమ్మ. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టెలో రెండు మూడు సిలికా జెల్ సంచులు వేసి, వానాకాలంలో నెలకోసారి వాటిని మార్చండి. మురికి పట్టిన డిస్క్‌ను మెత్తటి మైక్రోఫైబర్ బట్టతో మధ్యలోంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే ఆ బట్టకంటిన దుమ్మే ట్రాక్ వెంబడి గీత గీస్తుంది. అడ్డంగా పడ్డ గీతను కన్సోల్ సరిదిద్దుకుని చదువుతుంది గానీ, ట్రాక్ వెంబడి పడ్డదాన్ని దాటలేదు.